కొత్త సంఘం: ఇంట్లో కూడికా, అద్దె హాలా?

రాజాం, బొబ్బిలి లాంటి ఊళ్లలో క్రైస్తవ సంఘం (చర్చి) మొదలుపెట్టే కుటుంబాన్ని ముందుగా తికమక పెట్టేది ఇదే: ఆదివారం ప్రార్థన కూడిక ఇంట్లోనే పెట్టుకోవాలా, హాలు అద్దెకి తీసుకోవాలా?

ఖర్చు: ఇంటికి చాపలు, టీ, ఆదివారం భోజనం చాలు. హాలుకి అడ్వాన్సు, అద్దె, కరెంటు బిల్లు.

శ్రమ: ఇంట్లో భారమంతా ఇల్లాలి మీదే పడుతుంది. శనివారం రాత్రి సర్దుడు, ఆదివారం 20 మందికి అన్నం, పప్పు. వంట వంతులు మొదటి వారమే వేసేయండి. అలవాటయ్యాక అడగడం కష్టం. హాలుకైతే మైకు, చాపలు మోసుకెళ్లాలి, అంతే.

పిల్లలు: కూడిక ఇంట్లోనైనా ఒక గది వాళ్లకే వదలండి. పదో తరగతి పరీక్షలప్పుడు ఇది మరీ ముఖ్యం.

చిక్కు: అద్దె ఇంటి యజమానికి ముందే చెప్పకపోతే ఇల్లూ, కూడిక చోటూ ఒకేసారి పోతాయి.

సొంతిల్లు, 15 మంది లోపు అయితే ఇల్లే మేలు. చంటిబిడ్డో, మంచాన పడ్డ పెద్దవాళ్లో ఉంటే, అప్పు చేయక్కర్లేకపోతే, హాలు.