హూజ్ లైన్: బ్రిటిష్‌ది మేలా, అమెరికాది మేలా?

ముందే చెప్పేస్తున్నాను, నా ఓటు బ్రిటిష్ షోకే. అయినా ఇప్పటిదాకా చూడనివాళ్లు ఎవరైనా ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే మాత్రం అమెరికాదే చూడమంటాను. రెండు మాటలకీ పొంతన లేదనిపిస్తుంది గానీ, ఉంది.

‘హూజ్ లైన్ ఈజ్ ఇట్ ఎనీవే?’ గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. నలుగురు కమెడియన్లు, డెస్కు వెనక ఒక హోస్టు, పక్కన పియానో. స్క్రిప్టు ఉండదు. హోస్టు ఒక ఆట పేరు చెప్పి, ప్రేక్షకుల్లోంచి ఏదో ఒక ఉద్యోగమో చోటో వస్తువో అడిగి తీసుకుంటాడు, లేదంటే చేతిలోని కార్డు చదువుతాడు, ఇక వీళ్లు అప్పటికప్పుడు నోటికొచ్చింది ఆడాలి, పాడాలి. ఒక ఆటలో ప్రతి మాటా ప్రశ్నే అయి ఉండాలి, నోరు జారి జవాబు చెప్తే ఔట్. ఇంకో ఆటలో ముందున్నవాడు చేతులు వెనక్కి కట్టుకుని మాట్లాడుతుంటే, వెనక దాక్కున్నవాడి చేతులు అతని చేతుల్లా ముందుకొచ్చి దొరికిన తిండంతా అతని నోట్లో కుక్కుతుంటాయి. మార్కులు వేస్తారు, వాటికి అర్థం పర్థం ఉండదు.

1988లో బీబీసీ రేడియో 4లో ఆరు భాగాల షోగా పుట్టింది ఇది. తయారుచేసింది డాన్ ప్యాటర్సన్, మార్క్ లెవెసన్. అదే ఏడాది ఛానల్ 4 టీవీకి వెళ్లి పది సిరీస్‌లు (సీజన్లు) నడిచింది. 1998 ఆగస్టులో అమెరికాలో ఏబీసీ ఛానల్ వాళ్ల షో మొదలైంది. చాలామంది దీన్ని బ్రిటిష్ హాస్యం గొప్పా అమెరికా హాస్యం గొప్పా అనే పాత పంచాయితీలోకి లాగుతారు, ఒకరు సూక్ష్మం, ఇంకొకరు మోటు అంటారు. ఈ షో విషయంలో ఆ వాదన నిలబడదు. అమెరికా షోని ఎవరో హక్కులు కొనుక్కుని వేరేగా తీయలేదు, అక్కడా ప్యాటర్సనే నిర్మాత. ఆటలు చాలావరకు అవే. అమెరికా షోకి మూలస్తంభాలైన రయన్ స్టైల్స్, కాలిన్ మోక్రీ ఇద్దరూ అంతకు ముందు ఏళ్ల తరబడి లండన్ షోలో ఆడినవాళ్లే. రయన్ 1989 నుంచి, కాలిన్ 1991 నుంచి. పోనీ వాళ్లు అమెరికా శైలి మనుషులా అంటే, రయన్ సియాటిల్‌లో పుట్టి కెనడాలో పెరిగాడు, కాలిన్ స్కాట్లండ్‌లో పుట్టి కెనడాలో పెరిగాడు. బ్రిటిష్ షో చివరి సిరీస్‌ని తీసింది హాలీవుడ్‌లో! అసలు స్టేజి మీద ఇలా అప్పటికప్పుడు అల్లే నాటకాన్ని ఒక పద్ధతిగా పెంచినవాళ్లలో షికాగో వాళ్లే ముందుంటారు, అది లండన్ వెళ్లి టీవీ షో అయి మళ్లీ అమెరికాకే తిరిగొచ్చింది. కాబట్టి దేశాల సంగతి పక్కన పెట్టేయండి. తేడా అంతా హోస్టులో ఉంది, నాలుగు కుర్చీల్లో ఎవరిని కూర్చోబెట్టారన్న దాంట్లో ఉంది.

హోస్టు సంగతి మనకి తేలిగ్గా అర్థమవుతుంది, ఎందుకంటే మనకి అవధానం తెలుసు. సమస్య ఇచ్చే పృచ్ఛకుడు వేరు, అప్రస్తుత ప్రసంగి వేరు. రెండోవాడి పనల్లా అవధాని ఏకాగ్రత చెడగొట్టడం, మధ్యలో దూరి సంబంధం లేని వంకర ప్రశ్న వేసి నవ్వించడం, అవతలివాడు తడబడతాడేమోనని కాచుకుని ఉండటం. బ్రిటిష్ హోస్టు క్లైవ్ ఆండర్సన్ అచ్చంగా అప్రస్తుత ప్రసంగే. టీవీకి రాకముందు కోర్టులో వాదించిన బారిస్టర్, ఆ అలవాటు పోలేదు. ఎవరైనా చెప్పిన జోకు పేలకపోతే వదిలిపెట్టడు, అది పేలలేదని పైకి చెప్తాడు, సీను మధ్యలో బజర్ కొట్టి ఆపేస్తాడు, మార్కులు వేస్తూ మరో చురక అంటిస్తాడు. వాళ్లూ ఊరుకోరు, ఆయనకి మెడ లేదని, నెత్తి మీద జుట్టు లేదని తిరగబడతారు. ముఖ్యంగా అమెరికన్ గ్రెగ్ ప్రూప్స్‌కీ క్లైవ్‌కీ మధ్య నడిచే మాటల యుద్ధం కొన్నిసార్లు ఆటలకంటే బాగుంటుంది. క్లైవ్ అమెరికాని ఒక మాట అనడం, ప్రూప్స్ వెంటనే ఇంగ్లండ్ మీద పడటం, ఇదంతా ఎవరూ రాసిచ్చింది కాదు.

అమెరికా హోస్టు డ్రూ కేరీది పూర్తిగా వేరే దారి. అతను అప్పట్లో ఏబీసీలోనే తన పేరుతో నడుస్తున్న కామెడీ సీరియల్‌కి హీరో, అందులో రయన్ అతని స్నేహితుడి పాత్ర. అంటే ముందే దోస్తులు. డ్రూ వీళ్లని ఇబ్బంది పెట్టడానికి రాలేదు, వీళ్లని చూసి నవ్వడానికి వచ్చాడు, ఆ నవ్వు నిజంగానే వస్తుంది, డెస్కు మీద వాలిపోయి మరీ నవ్వుతాడు. చివర్లో తనూ స్టేజి ఎక్కి ఏదో ఒక ఆటలో చేరతాడు, ఆడటం అంత రాదు, ఆ సంగతి అందరికీ తెలుసు, అది కూడా ఒక జోకే. ఇంట్లో కూర్చుని చూసేవాళ్లకి డ్రూ మంచి తోడు, ఒప్పుకుంటాను. కానీ ఆట పదునెక్కడానికి క్లైవ్ లాంటివాడే ఉండాలి. ఎదురుగా ఉన్నవాడు ఏం చెప్పినా నవ్వేస్తుంటే ఇంకాస్త మంచి మాట కోసం వెతకాల్సిన అవసరం ఎవరికుంటుంది?

ఇక కుర్చీలు. నా ఓటు ఎటు పడాలో తేల్చింది ఇదే.

బ్రిటిష్ షోలో మనుషులు మారుతూ ఉంటారు. మొదట్లో జాన్ సెషన్స్, స్టీఫెన్ ఫ్రై లాంటి బాగా చదువుకున్న బాపతు, ఒక్కొక్కరూ ఒక్కో రచయిత శైలిలో కథని కొనసాగించే ఆట వాళ్ల కోసమే పుట్టిందా అన్నట్టుండేది. ఇక పాల్ మెర్టన్, మొహంలో ఏ భావమూ లేకుండా పిచ్చి ఊహలు చెప్పుకుంటూ పోయే రకం. జోసీ లారెన్స్, టోనీ స్లాటరీ, మైక్ మెక్‌షేన్, స్టీవ్ ఫ్రాస్ట్, శాండీ టాక్స్‌విగ్, వీళ్ల మధ్యలోకి అట్లాంటిక్ దాటి వచ్చిన రయన్, కాలిన్, ప్రూప్స్. ఏ వారం ఎవరి పక్కన ఎవరు పడతారో తెలియదు. మాటలతో ఆడుకునేవాడి పక్కన ఒళ్లంతా విల్లులా వంచి నవ్వించేవాడు నిలబడితే, మొదటి అరనిమిషం ఇద్దరూ ఒకరినొకరు అంచనా వేసుకోవడం కళ్లముందే జరుగుతుంది. ఒక్కోసారి అతకదు. సీను చప్పగా చచ్చిపోతుంది. అతికిందా, అప్పటిదాకా లేనిది ఒకటి అక్కడ పుట్టడం మనం చూస్తాం. స్లాటరీని చూడండి, మనిషి తన మీద తనే నవ్వుకుంటూ, హద్దు దాటేస్తూ, ఎటు పోతాడో తనకే తెలియనట్టు ఉంటాడు. 2025 జనవరిలో పోయాడు పాపం. అతనున్న భాగాలు ఇప్పుడు చూస్తే కూడా కాస్త టెన్షన్‌గానే ఉంటుంది, ఆ టెన్షనే కదా కావాల్సింది.

అమెరికా షోలో మూడు కుర్చీలు స్థిరం, రయన్, కాలిన్, వేన్ బ్రేడీ (మొదట్లో వేన్ అన్ని భాగాల్లోనూ లేడు, త్వరలోనే ఖాయమయ్యాడు). నాలుగో కుర్చీలో ప్రూప్స్, బ్రాడ్ షేర్‌వుడ్, చిప్ ఎస్టెన్, క్యాథీ గ్రీన్‌వుడ్ ఇలా ఎవరో ఒకరు. రయన్, కాలిన్‌ల మధ్య ఉన్న అవగాహన గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒకడు సగం కదలగానే రెండోవాడికి మిగతా సగం తెలిసిపోతుంది. కాలిన్ వెర్రి మొహం పెట్టి ఏదో ఒక అర్థంలేని మాట అంటాడు, ఆరున్నర అడుగుల రయన్ దాన్ని పట్టుకుని ఒంటితో సీను నడిపేస్తాడు. నిమిషానికి ఎన్నిసార్లు నవ్వామని లెక్కేస్తే అమెరికాదే గెలుస్తుంది, అందులో నాకేం సందేహం లేదు. కొత్తవాళ్లని అటు పంపేది అందుకే.

కానీ ఆ చనువుకి ఇంకో పక్క కూడా ఉంది. వరసపెట్టి ఓ పాతిక భాగాలు చూశాక కాలిన్ బట్టతల మీద జోకు ఎప్పుడొస్తుందో, రయన్ బూట్ల మీద ఎప్పుడొస్తుందో, డ్రూ లావు మీద ఎప్పుడొస్తుందో మీరే చెప్పేయగలరు. ఎక్కడ తట్టుకోలేకపోతున్నామో అక్కడ ఒక బట్టతల జోకు, గండం గడిచిపోతుంది, జనం చప్పట్లు. అబద్ధం లేదు అందులో, అప్పటికప్పుడు అన్నదే, కాకపోతే నిన్న కూడా అప్పటికప్పుడే అన్నారు.

అయితే పాటల దగ్గరికొచ్చేసరికి నేను బ్రిటిష్ పక్షాన ఎక్కువసేపు నిలబడలేను. జోసీ లారెన్స్, మెక్‌షేన్ బాగా పాడతారు, పియానో మీద రిచర్డ్ వ్రాంచ్ కూడా వాళ్లు ఎటు తిరిగితే అటు వెంట వెళ్తాడు. కానీ వేన్ బ్రేడీ వేరే జాతి. ప్రేక్షకుల్లోంచి ఎవరో తెలియని మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, పేరు అడిగి, ఉద్యోగం అడిగి, ఇదిగో ఫలానా గాయకుడి తరహాలో పాడు అంటే చాలు, బాణీ, ప్రాస, స్టెప్పు, ఆ గాయకుడి గొంతులోని విరుపు, అన్నీ ఒకేసారి వచ్చేస్తాయి. 2003లో టీవీ అవార్డు ఎమ్మీ ఇచ్చారు, ఇవ్వాల్సిందే. కీబోర్డు మీద లారా హాల్ లేకపోతే అందులో సగం ఉండేది కాదన్నది మాత్రం జనం మర్చిపోతుంటారు. రయన్, కాలిన్ టీవీ యాడ్‌లో ఏదో పాటల ఆల్బమ్ అమ్మేవాళ్లలా సోది చెప్తూ ఒక్కో పాట పేరు కల్పించి, ఇక పాడు నాయనా అని వేన్‌కి వదిలేసే ఆట ఉంది చూశారూ, అది అమెరికా షోకి శిఖరం. ఆ మూడు స్థిరమైన కుర్చీలు లేకపోతే అది అలా పండేది కాదు, అదీ ఒప్పుకోవాలి.

ప్రసార సమయం తేడా కూడా చిన్నదేం కాదు. ఛానల్ 4 దీన్ని పెద్దవాళ్ల షోగా, రాత్రిపూట వేసుకుంది, నోటికి తాళం తక్కువ. ఏబీసీ దీన్ని గురువారం రాత్రి 8 గంటలకి, అటుపక్క ‘ఫ్రెండ్స్’ నడుస్తుండగా దానికి ఎదురు నిలబెట్టింది, పిల్లలు కూడా చూసే వేళ. అందుకే అక్కడక్కడ బీప్‌లు, సెన్సార్‌ల మీద జోకులు. వింతేంటంటే ఆ కట్టడి ఒక్కోసారి మేలే చేసింది, నేరుగా అనలేని మాటని చుట్టు తిప్పి అనాల్సొచ్చేసరికి రయన్ లాంటివాడు ఇంకా బాగా నవ్వించాడు. చెడింది ఎక్కడంటే కత్తిరింపులో. యాడ్‌లు పోగా మిగిలే 22 నిమిషాల్లో బాగా పండినవే మిగులుతాయి, చప్పగా పోయిన సీన్లు చాలావరకు మనదాకా రావు. బ్రిటిష్ వాళ్లూ ఎక్కువ తీసి తక్కువ చూపించినవాళ్లే, కానీ చచ్చిపోయిన సీన్లని కొన్నైనా ఉంచారు, క్లైవ్ వెటకారం పండాలంటే అవి ఉండాలి మరి.

ఆడవాళ్ల విషయంలో రెండూ పెద్దగా చెప్పుకోదగ్గవి కావు. లండన్‌లో జోసీ లారెన్స్‌కి గట్టి చోటు దొరికింది, అమెరికాలో నాలుగో కుర్చీ అప్పుడప్పుడు, అంతే. 2013లో సీడబ్ల్యూ ఛానల్ షోని మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఐషా టైలర్ హోస్టుగా వచ్చి, 2024లో ఆగేదాకా నడిపింది. ఆ కొత్త షోలో కుర్చీ పట్టుకున్న ముగ్గురూ వయసు మీద పడ్డా చురుకు తగ్గలేదు గానీ, మధ్యలో తెచ్చిన సెలబ్రిటీ అతిథులు చాలామంది అడ్డమే. పాత ఏబీసీ రోజుల్లో రాబిన్ విలియమ్స్ వచ్చాడంటే అర్థం ఉంది, ఆయనకి ఈ విద్య పుట్టుకతో వచ్చింది.

బ్రిటిష్ షో చూడటంలో మనకో ఇబ్బంది ఉంది, దాచడమెందుకు. మొదటి రెండు సిరీస్‌లలో థాచర్ కాలం రాజకీయం, అప్పటి బ్రిటిష్ టీవీ మనుషులు, అక్కడి ఊళ్ల మీద వెక్కిరింతలు చాలా ఉంటాయి. ఎవరి మీద నవ్వుతున్నారో తెలియక మనం వెర్రిమొహం వేసుకుని కూర్చుంటాం, పైగా సెషన్స్ తన చదువంతా మన మీద గుమ్మరిస్తాడు. అమెరికా షోలోనూ అప్పటి వార్తలు, నటులు తగులుతారు గానీ, రయన్, కాలిన్ నవ్వంతా ఒంట్లో, మొహంలో ఉంటుంది కాబట్టి సగం మాటలు అందకపోయినా పని జరిగిపోతుంది.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. ముందు ఏబీసీ షోలో 2000, 2001 ప్రాంతం భాగాలు ఓ పదో పదిహేనో, వేన్ పాటలు, చేతుల ఆట తప్పకుండా. ఆ తర్వాత బ్రిటిష్ షోని మొదటి నుంచి కాకుండా మూడో సిరీస్ నుంచి అందుకుని ఏడో సిరీస్ దాకా, అంటే 1991 నుంచి 1995 వరకు వరసగా చూసేయండి, అప్పటికే రయన్, కాలిన్ మీకు తెలిసిన మొహాలు కాబట్టి పరాయితనం ఉండదు, స్లాటరీ, జోసీ, మెక్‌షేన్‌ల పక్కన వాళ్లు ఎంత వేరుగా ఆడాల్సొచ్చిందో కూడా కనిపిస్తుంది. మొదటి రెండు సిరీస్‌లు చివరికి ఉంచుకోండి. పదోది వదిలేసినా నష్టం లేదు, అది పేరుకే బ్రిటిష్‌ది.