పాల క్యాను కొనాలంటే అల్యూమినియమా, స్టీలా, ప్లాస్టిక్కా?

పోయిన నెల మా వదిన ఫోన్ చేసింది. "పాత క్యాను అడుగు కారుతుంది తమ్మీ, కొత్తది కొనాలె. మీ అన్నేమో తేలికది చాలంటుండు. నాకైతే స్టీలుది మంచిగనిపిస్తుంది. నువ్వేమంటవు?" అంది. మాది నకిరేకల్ దగ్గర ఒక ఊరు. ఇంట్లో మూడు బర్లు ఉన్నాయి, రెండు పాలిస్తున్నాయి. ఇంటికి ఉంచుకోగా పూటకు ఆరేడు లీటర్లు పాల కేంద్రానికి పోస్తారు. ఫోనులో ఏదో ఒకటి చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ క్యాను అంటే నాకు చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తొస్తుంది. అందుకని రెండు రోజులు ఆగి, ఆలోచించి చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

మా నాయినమ్మ కాలంలో ఊళ్లో పాలు అమ్మడం తక్కువ. పాలు కాచి, తోడు పెట్టి, పొద్దున్నే చిలికి, వెన్న కాచి నెయ్యి అమ్మేవాళ్లు. సల్ల అడిగినవాళ్లకు ఊరికే పోసేవాళ్లు. పాలు ఎందుకు అమ్మలేదంటే, కొనేవాళ్లు పట్నంలో ఉన్నారు, పాలేమో పట్నం చేరేదాకా నిలవవు. నెయ్యి నెలలు నిలుస్తుంది. కాబట్టి అప్పటి ఇంట్లో పాలకు కావలసింది కుండ, ఉట్టి, కవ్వం. క్యానుతో పనే లేదు.

క్యాను మన ఊళ్లకు వచ్చింది శీతలీకరణ కేంద్రాలతో పాటే. 1970లో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ పల్లెల పాలను పట్నాలకు చేర్చే ఆపరేషన్ ఫ్లడ్ పథకం మొదలుపెట్టింది. మన దగ్గర 1974లో పాడి అభివృద్ధి కార్పొరేషన్, 1981లో సహకార సమాఖ్య ఏర్పడ్డాయి. విజయ పేరు ఇంటింటికీ తెలిసింది. ఊళ్లో పోసిన పాలు దగ్గరి శీతలీకరణ కేంద్రంలో చల్లబడి, అక్కడి నుంచి హైదరాబాద్ పోవడం మొదలైంది. ఆ దారి పొడవునా పాలను మోసింది 40 లీటర్ల అల్యూమినియం క్యాను. సైకిల్‌కు అటొకటి ఇటొకటి, ఆర్టీసీ బస్సు టాపు మీద వరసగా, తర్వాత టీవీఎస్ బండికి కొక్కేలతో. మా ఊరి బస్టాండులో పొద్దున ఆరింటికి క్యాన్ల చప్పుడు వినిపిస్తే బడికి లేవాలని మాకు గుర్తు.

అప్పుడు అల్యూమినియమే ఎందుకంటే, మోత. పాలు నీళ్ల కంటే కొంచెం బరువు, 40 లీటర్లు నిండితే పాలే 41 కిలోల పైన తూగుతాయి. దాన్ని బస్సు మీదికి ఎత్తాలి, దించాలి. అల్యూమినియం సాంద్రత స్టీలులో మూడోవంతే ఉంటుంది. మెత్తటి లోహం కాబట్టి రేకు మందంగా పెట్టాలి, అందుకని క్యాను బరువు మరీ మూడోవంతుకు పడిపోదు కానీ, ఎత్తేవాడి నడుముకు తేడా బాగానే తెలుస్తుంది. తుప్పు పట్టదు. పాడైపోయినా పాత సామాన్లవాడు మంచి ధరే ఇస్తాడు. దూరం మోసే మనిషికి ఇంతకంటే మంచి క్యాను లేదు, ఇప్పటికీ లేదు. దేవరకొండ వైపు తండాల్లో తిరిగి పది ఇరవై ఇళ్ల పాలు పోగుచేసే వాళ్లు ఈ రోజు నన్నడిగినా అల్యూమినియమే కొనమంటాను.

కానీ మా వదిన తండాలు తిరగడం లేదు. కేంద్రం మా ఇంటికి నాలుగు సందుల అవతల ఉంది, అక్కడే పాలను 4 డిగ్రీలకు చల్లబరిచే పెద్ద స్టీలు ట్యాంకు పెట్టారు. ట్యాంకరే ఊళ్లోకి వచ్చి పాలు తీసుకుపోతుంది. క్యాను మోయాల్సింది ఐదు నిమిషాలు, కడగాల్సింది మాత్రం రోజుకు రెండుసార్లు, ఏడాదికి 730 సార్లు. మోత తగ్గిపోయి కడుగుడు మిగిలింది. మా ఇంట్లో ఇన్నేళ్లూ క్యాను కొన్నది మోసే మగవాళ్లు, కడిగింది ఆడవాళ్లు. దుకాణంలో చేత్తో ఎత్తి చూసి "తేలికగుంది" అని తెచ్చేవాళ్లు. లోపలికి చెయ్యి పెట్టి చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

చిన్నప్పటి సంగతి ఇదే. నేను బడికి పోయే రోజులు, మే నెల. నాయిన సైకిల్ మీద నాలుగు కిలోమీటర్లు పోయి కేంద్రంలో పాలు పోసేవాడు. ఆ రోజు అక్కడి మనిషి మూత తీయగానే మూతినీ క్యానునూ వాసన చూసి, పుల్లబడ్డాయని వెనక్కి పంపాడు. వాసన చూడటం తప్పేమీ కాదు, ఎక్కడైనా మొదటి పరీక్ష అదే, మూత తీసిన క్షణంలో తెలిసినంత బాగా తర్వాత తెలియదు. ఎనిమిది లీటర్లు. నాయిన ఇంటికొచ్చి అమ్మను "క్యాను కడగలేదా?" అని గట్టిగా అడిగాడు. అమ్మ కడిగింది. నేను చూశాను, బూడిద, కొబ్బరి పీచు పెట్టి తోమింది. కానీ మా క్యాను మెడ సన్నం, అమ్మ చెయ్యి మణికట్టు దాకే పోయేది. మెడ కింద భుజం వంపు లోపలి వైపు పసుపు పచ్చటి పొర ఒకటి ఎండి గట్టిపడి ఉంది. అది తర్వాత అన్న టార్చిలైటు వేసి చూస్తే కనపడింది. అమ్మ ఆ రోజు అన్నం సరిగా తినలేదు. నష్టం పాలది, మాట పడింది ఆమె, తప్పు మాత్రం మెడ సన్నం క్యాను తెచ్చినవాళ్లది.

ఆ పొరను ఇంగ్లీషులో మిల్క్ స్టోన్ అంటారు, ఇక్కడ పాలరాయి అంటాను, గచ్చుకు పరిచే పాలరాయి వేరు. పాలలోని మాంసకృత్తులు, నీళ్లలోని సున్నపు లవణాలు కలిసి గోడకు అంటుకుని రాయిలా అవుతాయి. అందులో సూక్ష్మజీవులు దాక్కుంటాయి, మామూలు తోముడుకు పోవు. మన నల్గొండ జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి దేశమంతా తెలుసు. చాలా ఊళ్ల నీళ్లలో సున్నపు లవణాలు కూడా ఎక్కువ, బకెట్టు ఆరితే తెల్లగా పొర కట్టేది అందుకే. ఇలాంటి నీళ్లతో కడిగే క్యానులో పాలరాయి తొందరగా పడుతుంది. అది పోవాలంటే వారానికోసారి పులుపు పెట్టి తోమాలి, చింతపండు గుజ్జో నిమ్మకాయో. జిడ్డు పోవాలంటే సోడా కావాలి. అల్యూమినియానికి ఈ రెండూ పడవు. పులుపు దాన్ని తింటుంది, వాషింగ్ సోడా ఇంకా ఎక్కువ తింటుంది, బూడిదలో ఉండేదీ క్షారమే. కొన్నేళ్లకు లోపల నల్లబడి, చిన్న చిన్న గుంటలు పడతాయి. గుంటల్లో పాలు నిలుస్తాయి, మళ్లీ పాలరాయి. స్టీలుకు పులుపూ సోడా రెండూ తగిలినా ఏమీ కాదు. మన నీళ్లకు స్టీలే సరిపోతుందని నేను గట్టిగా చెప్పడానికి మొదటి కారణం ఇది.

స్టీలుకు పడనిది ఒకటుంది, బ్లీచింగ్ పౌడర్. నానబెట్టి రాత్రంతా వదిలేస్తే స్టీలుకు కూడా గుంటలు పడతాయి.

అల్యూమినియం పాలను తొందరగా చల్లబరుస్తుందని మా అన్న వాదన. లోహం వరకు చూస్తే నిజమే, వేడిని స్టీలు కంటే పది రెట్ల పైన వేగంగా దాటిస్తుంది. కానీ క్యాను గోడ ఒకటి రెండు మిల్లీమీటర్ల రేకు. అంత పలచటి రేకులో రెండిటికీ వచ్చే తేడా కొంచెమే. ఆలస్యం చేసేది లోపల కదలకుండా ఉన్న పాలే. పిండిన పాలు బర్రె ఒంటి వేడితో, 38 డిగ్రీల దగ్గర ఉంటాయి. క్యానును నీళ్ల తొట్టిలో దించి, శుభ్రమైన గరిటెతో రెండు మూడుసార్లు కలిపితే ఏ లోహమైనా బాగా చల్లారుతుంది. కలపకపోతే గోడ పక్కన చల్లగా, నడుమ గోరువెచ్చగా ఉండిపోతుంది. తొట్టి లేకపోతే తడి గోనె చుట్టి గాలి తగిలే నీడలో పెట్టాలి. ఎండలో పెడితే మాత్రం ఏ లోహమైనా వేడెక్కుతుంది, ఆ సంగతి అన్న చెప్పడు. తాజా పాలకు సహజంగా కొంత రక్షణ ఉంటుంది కానీ మన ఎండాకాలంలో అది రెండు మూడు గంటల ముచ్చట.

ప్లాస్టిక్ సంగతి తొందరగా తేల్చేస్తాను. వద్దు. చవక, తేలిక, చప్పుడు చేయదు, పాలు పోసే మూడు ఇళ్లలో ఒకటి ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బానే తెస్తుందని వదిన చెప్పింది. కానీ పీచుతో తోమిన ప్రతిసారీ లోపల గీతలు పడతాయి, గీతల్లో పాలు మిగులుతాయి, వాసన పట్టుకుంటే వదలదు. సలసల కాగే నీళ్లు పోయడానికి భయం. వేడిని దాటనివ్వదు కాబట్టి తొట్టిలో పెట్టినా పాలు తొందరగా చల్లారవు. అన్నిటికంటే ఘోరం పెయింటు, పురుగుమందుల డబ్బాలు కడిగి పాలకు వాడటం. ఎంత కడిగినా అది పాల డబ్బా కాదు, పసిపిల్లలు తాగే పాలు అందులో పోయకండి. తప్పదనుకుంటే ఆహారానికి తయారు చేసిన కొత్త డబ్బా కొని, లోపల గరుకుగా అనిపించిన రోజు నీళ్లకు మార్చేయండి.

ఇత్తడి సర్వలు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. లోపల కళాయి, అంటే తగరపు పూత, ఉన్నంతకాలం ఫరవాలేదు. కళాయి పోతే ఇత్తడిలోని రాగి తగిలి పాల కొవ్వుకు ఒక రకం వాసన వస్తుంది, పుల్లటిది పోస్తే చిలుము ఎక్కుతుంది. కళాయి వేసేవాళ్లు కూడా ఇప్పుడు ఊళ్లకు రావడం లేదు. వాటిని బొడ్రాయి పండుగకు తోమి పెట్టుకోవడమే మంచిది.

లోహం కంటే కూడా నేను వదినతో ఎక్కువసేపు మాట్లాడింది సైజు గురించి. ఇంట్లో పాత క్యాను 20 లీటర్లది. అందులో ఏడు లీటర్లు పోసి గుంతల రోడ్డు మీద బండికి తగిలిస్తే పాలు లోపల కవ్వం పెట్టినట్టే చిలకబడతాయి. వెచ్చటి బర్రె పాలు కదా, వెన్న పూసలు తేలతాయి. కేంద్రంలో ఫ్యాట్ పరీక్షకు తీసేది చిన్న నమూనా. గెర్బర్ పద్ధతిలో అయితే 10.75 మిల్లీలీటర్లే, దాంట్లో ఆమ్లం పోసి తిప్పి కొవ్వు ఎంత తేలిందో చూస్తారు. ఇప్పటి మిషన్లకు అంతకంటే ఎక్కువేమీ అక్కర్లేదు. పూసలు మూతికీ గోడకూ అంటుకుపోతే నమూనాలో కొవ్వు తక్కువ వస్తుంది. కొవ్వు ఏడు శాతం రావలసిన చోట ఆరున్నర వస్తే, పాలు మనవే, డబ్బులు తక్కువ. చాలామంది మిషన్ మోసం చేస్తుందని తిడతారు. మోసం ఉంటే ఉండవచ్చు, కానీ ముందు క్యాను సగం ఖాళీగా ఉందేమో చూసుకోవాలి. ఏడు లీటర్లకు పది లీటర్ల క్యాను చాలు. నడిచిపోయి పోసేవాళ్లకైతే ఇది ఇంకా మేలు.

సన్నటి మెడ ఎందుకు పెట్టారో కూడా ఇక్కడే అర్థమవుతుంది. బస్సు మీద 50 కిలోమీటర్లు పోయే పాలు తొణకకుండా, దుమ్ము పడకుండా. ఆ అవసరం ఇప్పుడు మా ఇంటికి లేదు. అందుకని వెడల్పు మూతి ఉండాలి, మోచేయి దాకా చెయ్యి సులభంగా పోవాలి. లోపల అతుకులు గోరుకు తగలకూడదు. మూతకు రబ్బరు వాషరు ఉంటే అది ఊడివచ్చేదిగా ఉండాలి, దాని కింద పాలు చేరి పులుస్తాయి. ఊడిరాకపోతే వాషరు లేని మూతే నయం.

స్టీలు కొనేటప్పుడు దుకాణదారు అయస్కాంతం పెట్టి "అంటుకోలేదు చూడండి, అసలు స్టీలు" అంటాడు. దాన్ని నమ్మకండి. పాలకు మంచిదైన 304 రకానికి అయస్కాంతం అంటుకోదు, నిజమే. తక్కువ నికెల్ ఉండే 202 రకానికి కూడా అంటుకోదు. తుప్పు మచ్చలు ముందు వచ్చేది దానికే. రకం ఏదో బిల్లు మీద రాసివ్వమని అడగండి. రాయడానికి వెనకాడితే ఇంకో దుకాణం చూడండి. స్టీలు అల్యూమినియం కంటే ఎక్కువ ఖరీదు, ఆ మాట నేను దాచను. అయితే కింద పడితే సొట్ట తక్కువ పడుతుంది. చిల్లి పడితే అల్యూమినియం అతకడానికి మామూలు వెల్డింగ్ సరిపోదు, మన మండల కేంద్రాల్లో ఆ పని తెలిసినవాళ్లు దొరకడం కష్టం. స్టీలు పని చేసేవాళ్లు ఎక్కువమంది ఉన్నారు.

కడగడం గురించి ఒక్క మాట, ఎందుకంటే ఇది చాలామంది తిరగేసి చేస్తారు. మొదట చల్లటి నీళ్లతోనే కడగాలి. ముందే వేడి నీళ్లు పోస్తే పాల మాంసకృత్తులు ఉడికి గోడకు అతుక్కుంటాయి. తర్వాతే వేడి నీళ్లు, సబ్బు, మెత్తటి బ్రష్షు. చివరికి బోర్లించి ఎండలో, నేల మీద కాకుండా కట్టెల మంచె మీద ఆరబెట్టాలి. మూత వేసి పెట్టవద్దు.

ఇవన్నీ ఫోనులో చెబితే వదిన అన్నీ విని, "ఇన్ని సంగతులు మీ అన్నకు నువ్వే చెప్పు" అంది. పోయిన ఆదివారం ముగ్గురం కలిసి నల్గొండ పోయాం. గడియారం సెంటర్ దగ్గర దుకాణంలో అన్న అలవాటుగా ఒక అల్యూమినియం క్యాను చేత్తో ఎత్తి చూశాడు. వదిన ఏమీ అనలేదు. గాజులు పైకి తోసుకుని, వరసగా పెట్టిన స్టీలు క్యాన్లలో ఒక్కోదాంట్లో చెయ్యి పెట్టి భుజం వంపు లోపల వేళ్లతో తడిమింది. మొదటి రెండూ పక్కన పెట్టేసింది. మూడోది పది లీటర్లది, మోచేయి దాటి చెయ్యి పోయింది. "ఇది కట్టియ్యి అన్నా" అంది దుకాణదారుతో.