పూల్ నీళ్లు వెచ్చబడాలంటే కవరా, సోలార్ మ్యాటా, హీట్ పంపా?

నేలమీద నిలబెట్టే పూల్‌కి చవకలో ఏ హీటర్ మేలని మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. హీటర్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఈ సాయంత్రం నీటిమట్టం దగ్గర లైనర్ (పూల్ లోపలి ప్లాస్టిక్ పొర) మీద చిన్న టేపు ముక్క అంటించి, పొద్దున్నే ఎంత దిగిందో చూడండి. మీటరు లోతు నీళ్లలో ఒక్క మిల్లీమీటరు ఆవిరైతే అర డిగ్రీకి పైగా వేడి పోయినట్టే. గాలి వీచే రాత్రి మూడు మిల్లీమీటర్లు దిగడం పెద్ద విషయం కాదు. 4.5 మీటర్ల వ్యాసం, మీటరు లోతు అంటే సుమారు 16,000 లీటర్లు. దాన్ని ఒక డిగ్రీ పెంచడానికి పద్దెనిమిదిన్నర యూనిట్లు కావాలి. ఆ మూడు మిల్లీమీటర్లతో పోయిన వేడి ముప్పై యూనిట్ల పైమాటే.

అందుకే నా ఓటు ముందు బుడగల కవర్‌కి. బుడగలు కిందికి ఉండాలి, కవర్ నీటిని అంటిపెట్టుకుని తేలాలి. అంచుల మీద బిగించి కట్టే టార్పాలిన్ ఈ పని చెయ్యదు, కింద గాలి ఆడుతూనే ఉంటుంది. కొన్న రోజే కత్తిరించకండి. ఒకటి రెండు రోజులు నీళ్ల మీద పరిచి ఉంచితే మడతలు సర్దుకుంటాయి, అప్పుడు గోడ వెంబడి కొయ్యాలి. క్లోరిన్ ఎక్కువ మోతాదులో వేసిన రోజు తీసెయ్యండి, లేకపోతే బుడగలు పెళుసెక్కి రాలిపోతాయి. తీసి చుట్టినదాన్ని ఎండలో వదిలేసినా పాడవుతుంది.

కవర్ వేశాకే సోలార్ మ్యాట్, అంటే ఎండలో పరిచి పూల్ నీళ్లు పారించే నల్ల గొట్టాల చాప. పూల్ ఉపరితలంలో కనీసం సగం, అంటే పైన చెప్పిన పూల్‌కి 8 చదరపు మీటర్లు ఉంటేగాని తేడా తెలియదు. ఫిల్టర్ తర్వాత, బైపాస్ వాల్వ్ (నీళ్లు మ్యాట్‌లోకి పోకుండా నేరుగా పూల్‌కి మళ్లించేది) పెట్టి కలపండి. నీళ్లు కింది కొసన ఎక్కి పై కొసన దిగితే లోపల గాలి నిలవదు. తిరిగొచ్చే నీళ్లు చేతికి బాగా వేడిగా తగిలితే సంబరపడకండి. ప్రవాహం తక్కువైందని అర్థం, మ్యాట్ పట్టిన వేడి గాలిపాలవుతోంది. ఒకటి రెండు డిగ్రీల తేడా చాలు. సాయంత్రం వాల్వ్ తిప్పడం మరిచారా, అదే మ్యాట్ రాత్రంతా పూల్‌ని చల్లారుస్తుంది.

మ్యాట్ బదులు నల్ల పైపు చుట్ట చవకే. కాని 20 మిల్లీమీటర్ల పైపు వంద మీటర్లు పరిచినా ఎండకి ఎదురయ్యేది రెండు చదరపు మీటర్లే.

మబ్బు ఎక్కువుండే చోట హీట్ పంప్ తప్పదు, అది బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లకి ఇస్తుంది. గాలి వెచ్చగా ఉంటే ఒక యూనిట్ కరెంటుకి నాలుగైదు యూనిట్ల వేడి ఇస్తుంది, చలి పెరిగేకొద్దీ అది పడిపోతుంది. 5 కిలోవాట్ల వేడి ఇచ్చేది డిగ్రీకి సుమారు నాలుగు గంటలు తీసుకుంటుంది. గాలి వదిలే వైపు గోడ అడ్డముండకూడదు.

3 కిలోవాట్ల ఎలక్ట్రిక్ హీటర్ డిగ్రీకి ఆరు గంటల పైనే నడవాలి. గ్యాస్ త్వరగా కాస్తుంది, ఇంధనమూ అంతే త్వరగా తాగుతుంది. కట్టెల పొయ్యి మీద రాగి చుట్ట పెట్టేవాళ్లు పంపు మీద కన్నేసి ఉంచాలి. మంట ఉండగా అది ఆగితే చుట్టలో నీళ్లు మరిగి, ఆవిరికి హోస్ ఊడొస్తుంది.