ఒక రెసిడెన్షియల్ స్కూల్ ప్రాంగణం: లోపల ఉంటున్న వార్డెన్ సమీక్ష

చేవెళ్ల దాటి వికారాబాద్ వైపు వెళ్లే దారిలో ఉన్న ఒక ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూల్లో 2014 నుంచి అమ్మాయిల హాస్టల్ వార్డెన్‌గా ఉంటున్నాను. నా గది హాస్టల్లోనే, మెట్ల పక్కన. స్కూల్ పేరు రాయడం లేదు. ఇక్కడ కనిపించే మంచీ చెడూ ఇలాంటి ప్రాంగణాలు చాలావాటిలో ఉన్నవే కాబట్టి, పిల్లల్ని హాస్టల్లో చేర్చే ఆలోచనలో ఉన్న తల్లిదండ్రులకు పనికొస్తుందని రాస్తున్నాను.

అడ్మిషన్ల సమయంలో వచ్చేవాళ్లకు ముందు ఆడిటోరియం, తర్వాత ఈత కొలను, ఆ పైన కంప్యూటర్ ల్యాబు చూపిస్తారు. హాస్టల్ చూపించేది మధ్యాహ్నం, పిల్లలు తరగతుల్లో ఉన్నప్పుడు. గదులు ఊడ్చి, దుప్పట్లు మడిచి ఉంటాయి. ఆ భవనం పిల్లలకు సరిపోతుందో లేదో ఆ వేళ తెలియదు. ఉదయం ఐదున్నర నుంచి ఎనిమిది లోపల తెలుస్తుంది. ఆ రెండున్నర గంటల్లో మా బ్లాకులో నూట అరవై మంది లేచి, స్నానాలు చేసి, జడలు వేసుకుని, టిఫిన్ తిని ప్రార్థనకు వెళ్లాలి. అందుకే నీళ్ల సంగతితో మొదలుపెడతాను.

ఎనిమిది మందికి ఒక మరుగుదొడ్డి, పది మందికి ఒక స్నానాల గది అని మా బ్రోచర్లో ఉంటుంది. లెక్క నిజమే. కాని వాటన్నిటినీ కారిడార్ ఒక చివర ఒకేచోట కట్టారు. రెండో చివర గదుల్లో పడుకునే ఆరో తరగతి పిల్లలకు రాత్రిపూట అది చాలా దూరం. కొత్తగా చేరిన పిల్లలు జూన్, జూలై నెలల్లో భయపడి రాత్రంతా ఆపుకుని పడుకుంటారు. కొందరు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. ఒకసారి ఒక చిన్న పిల్ల నా తలుపు తట్టి, "మేడమ్, మీరు బయటే నిలబడి మాట్లాడుతూ ఉండండి, నాకు వినిపించాలి" అంది. ఆ తర్వాత కారిడార్ పొడవునా రాత్రంతా వెలిగే చిన్న దీపాలు పెట్టించాం. లోపలి గడియలు పెద్దవాళ్ల ఎత్తుకు ఉండేవి. మునివేళ్ల మీద నిలబడినా అందక, పిల్లలు తలుపు దగ్గరకు వేసి ఒక చేత్తో పట్టుకుని కూర్చునేవారు. వాటిని విప్పి జానెడున్నర కిందకు బిగించడానికి వడ్రంగికి ఒక్క పూట పట్టింది. అన్నేళ్లు అది ఎవరికీ తోచలేదు. మీరు హాస్టల్ చూడడానికి వెళ్తే ఒక స్నానాల గదిలోకి వెళ్లి, తలుపు మూసి, గడియ ఎంత ఎత్తులో ఉందో, బట్టలు తగిలించుకోవడానికి కొక్కెం ఉందో లేదో చూడండి.

వేడినీళ్లకు పైకప్పు మీద గాజు గొట్టాల సోలార్ హీటర్లు ఉన్నాయి. ఎండ బాగా కాసే నెలల్లో వాటికి వంక పెట్టలేం. వానాకాలంలో వరసగా మబ్బు పట్టిందంటే చల్లటి నీళ్లే. పైగా మాది బోరు నీరు. ఏడాది తిరిగేసరికి గొట్టాల్లోనూ కుళాయిల్లోనూ ఉప్పు పేరుకుని ధార సన్నబడుతుంది. కింది అంతస్తు వాళ్లకు ఇంకో ఇబ్బంది: పైనుంచి వేడినీళ్లు దిగేలోపు గొట్టంలో రాత్రంతా నిలిచిన చల్లటి నీళ్లు పోవాలి. ఒక్కో కుళాయి దగ్గర బకెట్టున్నర వృథా అయ్యేది. మూడేళ్ల కిందట గొట్టానికి వేడి నిలిచే తొడుగు వేసి, మబ్బు రోజులకు కరెంటు హీటర్ కలిపాక పరిస్థితి మెరుగైంది. సోలార్ ఉందంటే సరిపోదు, మబ్బు పట్టిన రోజు ఏం చేస్తారో అడగాలి.

తాగునీటి విషయంలో మా స్కూలును మెచ్చుకుంటాను. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీరు దొరకనప్పుడు 2000 వరకు సర్దుకోవచ్చు. ఫ్లోరైడ్‌కు ఆ హద్దులు 1, 1.5 మిల్లీగ్రాములు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులను చూసినవాళ్లకు ఈ అంకెలు ఎంత ముఖ్యమో ఒకరు చెప్పనక్కర్లేదు. మా దగ్గర నీటి పరీక్ష ఫలితాన్ని డైనింగ్ హాలు గోడకు అంటిస్తారు. శుద్ధి యంత్రం వదిలేసే ఉప్పు నీటిని మురుగులోకి పోనివ్వకుండా మరుగుదొడ్ల ట్యాంకుకు మళ్లించారు.

నేల అంతా తాండూరు బండలు. ఈ ప్రాంతంలో దొరికేది అదే, అంతకంటే మంచిది అవసరం కూడా లేదు. ఏప్రిల్‌లో పిల్లలు మంచాలు వదిలి చాపలు పరుచుకునేది ఆ చల్లదనానికే. కాని అది సున్నపురాయి. కొన్నాళ్లు పనివాళ్లు మరకలు పోవాలని స్నానాల గదుల్లో యాసిడ్ పోసి కడిగారు. రాయి పైపొర తినేసి, తెల్లగా పాలిపోయి, గరుకుతేలింది. ఆ గరుకులో మురికి ఇంకా ఎక్కువ పట్టింది. చివరికి సబ్బు నీళ్లు, కొబ్బరి పీచు బ్రష్షు తప్ప వేరేది వాడకూడదని రాసిపెట్టాను. నునుపు పట్టిన బండలు మాత్రం తడిస్తే జారతాయి. వాన జల్లు పడే వరండాల్లో నునుపు పట్టని బండలే వేసి ఉంటే రెండు మూడు చేతులు విరగకుండా ఉండేవి.

డైనింగ్ హాలు పెద్దది, గాలి బాగా ఆడుతుంది, వంటగది శుభ్రంగా ఉంటుంది. లోపం పైకప్పు. రేకులు వేశారు. వాన పడితే పక్కన కూర్చున్న మనిషి మాట వినపడదు. వాన లేకపోయినా నాలుగు వందల స్టీలు పళ్లేల మోత గోడలకు తగిలి తిరిగి వస్తుంది. పిల్లలు అరుచుకుంటూ మాట్లాడుకుంటారు, టీచర్లు అంతకంటే గట్టిగా అరుస్తారు. తరగతి గదిలో అంత నెమ్మదిగా ఉండే పిల్లలు ఇక్కడ ఎందుకిలా అవుతారని కొత్త టీచర్లు అడుగుతుంటారు. తప్పు పిల్లలది కాదు, ఆ హాలుది.

లైబ్రరీ ఈ ప్రాంగణంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భవనం. ఉత్తరం వైపు పెద్ద కిటికీలు, కిటికీ కింద కూర్చునే అరుగులు. ఎండ నేరుగా పడదు, పగలంతా దీపం అక్కర్లేదు. ఎవరు గీశారో గాని, చదివే అలవాటున్న మనిషే గీసి ఉంటారు. అలాంటి గదికి సాయంత్రం ఐదింటికి తాళం వేసేవారు. హాస్టల్ పిల్లకు తీరిక దొరికేదే ఐదు తర్వాత! ఇప్పుడు రాత్రి ఎనిమిదిన్నర వరకు తెరుస్తున్నారు, ఆదివారం కూడా. ల్యాబులు, తరగతి గదులు మామూలుగా బాగున్నాయి. ఆటస్థలం విశాలమైన ఎర్రమట్టి నేల, పిల్లలకు అంతకన్నా ఏం కావాలి. ఈత కొలను మాత్రం ఏడాదిలో ఎక్కువ నెలలు మూసే ఉంటుంది.

సిక్ రూములో నాలుగు మంచాలు. ఆడిటోరియంలో వెయ్యి కుర్చీలు. 2023 వానాకాలంలో రాష్ట్రమంతా కళ్లకలక వచ్చినప్పుడు ఆ నాలుగు మంచాలు మొదటి రోజే నిండిపోయాయి. మిగతా పిల్లలను విడిగా ఉంచడానికి సంగీతం గది, ఆర్ట్ గది ఖాళీ చేయించి పరుపులు వేశాం. అక్కడ దగ్గర్లో కుళాయి లేదు. కళ్లు కడుక్కోవాల్సిన పిల్లలకు బకెట్లతో నీళ్లు మోశాం. ఆ రోజుల్లో నాకు వచ్చిన కోపం ఇంకా పూర్తిగా పోలేదు. ఇంతమంది పిల్లలు కలిసి పడుకునే చోట ఒకరికి వచ్చింది పది మందికి వస్తుందని తెలియనిదెవరికి?

మంటల భద్రత గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2004 జూలై 16న తమిళనాడు కుంభకోణంలో ఒక బడి వంటగదిలో మంటలు రేగి, తాటాకు కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ ఘటన తర్వాత వేసిన కేసులో 2009లో సుప్రీంకోర్టు, భద్రమైన బడి పిల్లల చదువు హక్కులో భాగమేనని చెప్పింది. మా బ్లాకుకు రెండు మెట్లదారులున్నాయి, మంటలార్పే సిలిండర్లున్నాయి, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. అయినా నేను చేరిన కొత్తలో రాత్రి పదింటికి వెనక మెట్ల దగ్గర ఇనుప గేటు మూసి తాళం వేసేవారు. అమ్మాయిల భద్రత కోసమట. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ మెయిన్ గేటు దగ్గర. ప్రతి సమావేశంలో ఈ విషయం ఎత్తాను. చివరికి లోపలి నుంచి తోస్తే తెరుచుకుని, తెరవగానే గంట మోగే తలుపు పెట్టారు. దాంతో భద్రతా ఉంది, దారీ ఉంది. ఏ హాస్టల్‌కు వెళ్లినా వెనక మెట్లు దిగి చూడండి. తాళం కనిపిస్తే తాళంచెవి ఎవరి దగ్గరుందో అక్కడికక్కడే అడగండి.

భవనాలు వాడకపోయినా పాడవుతాయని 2020 మార్చిలో మూతపడ్డాక అర్థమైంది. మళ్లీ తెరిచేసరికి కుళాయిల్లో రబ్బరు వాషర్లు ఎండి పగిలిపోయాయి. మరుగుదొడ్ల వంపు గొట్టాల్లో నిలిచి ఉండాల్సిన నీళ్లు ఆవిరై, మురుగు వాసన గదుల్లోకి ఎక్కింది. చెక్క అల్మరాలకు చెదలు పట్టాయి. పిల్లలు రావడానికి మూడు వారాల ముందు నుంచి రోజూ ప్రతి కుళాయి తిప్పి నీళ్లు వదిలాం. ఇప్పుడు వేసవి సెలవుల్లో కూడా వారానికి రెండుసార్లు అదే పని చేయిస్తున్నాను.

ఇంకొక చోటు గురించి రాయాలి. అది బ్రోచర్లో లేదు. స్టోర్ రూము వెనక, వేపచెట్టు కింద ఐదు మెట్లున్నాయి. ఎక్కడికీ వెళ్లని మెట్లు, పాత నీళ్ల ట్యాంకుకు కట్టినవి. ఇల్లు గుర్తొచ్చిన పిల్లలు అక్కడికే వెళ్లి కూర్చుంటారు. వార్డెన్ గది కిటికీ లోంచి కనిపిస్తుంది, కాని ఎదురుగా ఉండదు. ఒంటరిగానూ ఉండొచ్చు, ఎవరో ఒకరి కంటికి ఆనుతూనూ ఉండొచ్చు. పాత ట్యాంకు కూలుస్తామన్నప్పుడు మెట్లు మాత్రం ఉంచమని పట్టుబట్టాను. ఉంచారు.

ప్రస్తుతం పక్కనే కొత్త హాస్టల్ బ్లాకు కడుతున్నారు, పునాదులు లేచాయి. ప్లాను కాగితం నా దగ్గరకు కూడా పంపారు, ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి. మరుగుదొడ్లు కారిడార్ రెండు చివరలా ఉండాలని, ప్రతి అంతస్తులో కుళాయి ఉన్న ఒక గది జబ్బుపడిన పిల్లలకు విడిగా ఉండాలని రాసి పంపాను. మొదటిది ఒప్పుకున్నారు. రెండోది ఇంకా చర్చలో ఉంది.