లెట్రోజోల్ వాడేవాళ్ళకు ఏ కాల్షియం మేలు?

రొమ్ము క్యాన్సర్ హార్మోన్ పాజిటివ్ (హార్మోన్ల వల్ల పెరిగే రకం) అని తేలితే, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకు ఎక్కువగా లెట్రోజోల్ గానీ అనాస్ట్రోజోల్ గానీ రాస్తారు. రోజుకొక మాత్ర, మామూలుగా ఐదేళ్ళు. ఒంట్లో మిగిలిన కాస్త ఈస్ట్రోజెన్ హార్మోన్‌ కూడా తయారు కాకుండా ఈ మందు అడ్డుకుంటుంది. క్యాన్సర్ తిరగబెట్టకుండా కాపాడేది ఆ పనే, ఎముకలను గుల్లబరిచేదీ ఆ పనే. అందుకే చీటీలో దాని కిందే కాల్షియం కూడా ఉంటుంది. మందుల షాపుకు వెళ్తే అందులోనే నాలుగైదు రకాలు చూపిస్తారు.

ఎక్కువగా అమ్ముడయ్యేది కాల్షియం కార్బొనేట్. దాని బరువులో 40 శాతం అసలు కాల్షియం, అంటే 1250 మిల్లీగ్రాముల మాత్రలో 500 మిల్లీగ్రాములు. చవక కూడా. అయితే అది కరగడానికి కడుపులో ఆమ్లం ఉండాలి కాబట్టి భోజనంతో పాటు గానీ తిన్న వెంటనే గానీ వేసుకోవాలి. కాల్షియం సిట్రేట్‌లో అసలు కాల్షియం 21 శాతమే. అదే మోతాదు అందాలంటే ఎక్కువ మాత్రలు మింగాలి, ఖర్చూ పెరుగుతుంది. కానీ దానికి ఆమ్లంతో పని లేదు, ఎప్పుడు వేసుకున్నా ఒంటబడుతుంది.

మన ఇళ్ళలో చాలామంది పట్టించుకోని సంగతి ఇక్కడే ఉంది. కీమో రోజుల్లో మొదలైన గ్యాస్ మాత్ర, అంటే పాంటోప్రజోల్ లాంటిది, కొందరు ఏళ్ళ తరబడి అలాగే పరగడుపున వేసుకుంటూ ఉంటారు. అది ఆమ్లాన్ని తగ్గిస్తుంది. అలాంటప్పుడు కార్బొనేట్ మింగినా సరిగా ఒంటబట్టదు. ఆ గ్యాస్ మాత్ర ఇంకా అవసరమా అని ముందు డాక్టర్‌ను అడగండి. అవసరమే అంటే నా ఓటు సిట్రేట్‌కే. కార్బొనేట్‌తో మలబద్ధకం బాగా ఇబ్బంది పెడుతున్నా ఇదే మేలు. ఈ చిక్కులేవీ లేనివాళ్ళు కార్బొనేట్‌ను తిన్నాక వేసుకుంటే చాలు, ఎక్కువ డబ్బు పెట్టాల్సిన పనిలేదు. ఖరీదైన కోరల్ కాల్షియం కూడా కార్బొనేటే.

స్ట్రాన్షియం మాత్రం వద్దనే గట్టిగా చెబుతాను. ఆన్‌లైన్‌లో ఎముకల కోసమని స్ట్రాన్షియం సిట్రేట్ అమ్ముతున్నారు. స్ట్రాన్షియం కాల్షియం కన్నా బరువైన మూలకం. ఎముకలో చేరి ఎక్స్‌రేలను ఎక్కువగా అడ్డుకోవడంతో, ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్‌లో సాంద్రత ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. రిపోర్టు బాగుందని ధైర్యపడితే అసలు చికిత్స ఆలస్యం కావచ్చు. మందుగా వాడిన స్ట్రాన్షియం రానెలేట్‌పై 2014లో యూరప్ మందుల సంస్థ గుండె ముప్పు వల్ల ఆంక్షలు పెట్టింది.

ఎంత వేసుకోవాలన్నది తిండిని బట్టి ఉంటుంది. రోజుకు కావాల్సిన 1000 నుంచి 1200 మిల్లీగ్రాములు తిండి, మాత్ర రెండూ కలిపి. గ్లాసు పాలలో సుమారు 300, వంద గ్రాముల రాగిపిండిలో 350 దాకా ఉంటాయి. రెండు పూటలా పాలో పెరుగో, దానితో రాగి జావో సంకటో తీసుకునేవాళ్ళకు చాలాసార్లు ఒక్క 500 మాత్ర సరిపోతుంది. ఎక్కువ మింగితే ఎముక ఎక్కువ గట్టిపడదు, కిడ్నీలో రాళ్ళ భయం పెరుగుతుంది. ఒకేసారి 500 మించితే అంతా ఒంటబట్టదు కూడా. థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. విటమిన్ డి తక్కువగా ఉంటే ఏ కాల్షియమైనా సరిగా ఎక్కదు, కాబట్టి రక్తపరీక్ష చేయించుకుని వారానికోసారి వేసుకునే 60,000 యూనిట్ల విటమిన్ డి డోసును డాక్టర్ చెప్పినన్ని వారాలే వాడాలి. క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్ళలో రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరగవచ్చు. వాళ్ళు సొంతంగా ఏదీ మొదలుపెట్టకూడదు.

ఇంతా చేసినా, లెట్రోజోల్ వల్ల జరిగే నష్టాన్ని కాల్షియం ఒక్కటే ఆపలేదు. జెడ్-ఫాస్ట్ అనే పరిశోధనలో లెట్రోజోల్ వాడే ఆడవాళ్ళందరికీ కాల్షియం, విటమిన్ డి ఇచ్చారు. ఎముక అరిగిపోవడాన్ని తగ్గించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజక్షన్ కూడా మొదటినుంచీ అందినవాళ్ళ ఎముక సాంద్రత పెరిగింది, వెంటనే ఇవ్వనివాళ్ళలో తగ్గింది. అందుకే లెట్రోజోల్ మొదలుపెట్టేటప్పుడే డెక్సా చేయించమని అడగండి. అందులో ఎముక సాంద్రతను చూపే టి-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందకు గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) అంటారు. ఇంజక్షన్ ఇవ్వాలంటే ముందుగా పళ్ళ డాక్టర్‌కు చూపించుకుని, పన్ను తీయించాల్సి ఉంటే ఆ పని అప్పుడే పూర్తి చేసుకోవాలి. ఇంజక్షన్ మొదలయ్యాక పన్ను పీకితే, అరుదుగానైనా, దవడ ఎముక మానకుండా ఉండిపోవచ్చు.