గండికోటకు ఒక పూట చాలదు

కడప జిల్లాలో పెన్న ఒడ్డున రెండు రోజులు ప్రశాంతంగా గడపడానికి ఎక్కడికి వెళ్లాలని ఎవరు అడిగినా నేను గండికోట పేరే చెబుతాను. ప్రొద్దుటూరులో ఉంటాను కాబట్టి ఇంటికి బంధువులు వచ్చినప్పుడల్లా వాళ్లను అక్కడికి తీసుకెళ్లడం ఏళ్లుగా నా వంతు అయింది. నిండు పెన్ననూ చూశాను, ఎండిన పెన్ననూ చూశాను. ఎక్కువమంది మాత్రం ఉదయం కారులో వచ్చి, లోయ అంచున ఫొటోలు దిగి, అక్కడి నుంచి బేలం గుహలకు పరుగెత్తి, చీకటి పడేసరికి తిరుగుదారి పడతారు. అలా వెళ్లినవారే తర్వాత ‘చోటు బాగుంది కానీ తినడానికి ఏమీ దొరకలేదు’ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఇంత రుచిగల తిండి దొరికే ప్రాంతం ఇది. ఏ వేళకు ఏ ఊళ్లో ఏమి తినాలో చెప్పేవాళ్లు లేకనే ఆ మాట వస్తోంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా లోయ. ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న పారే ఈ చోట రెండు వైపులా ఎర్రటి రాతి గోడలు నిలబడి ఉంటాయి. లోతు దాదాపు 300 అడుగులు. దగ్గరగా చూస్తే ఒక్కో బండా నిలువుగా, అడ్డంగా చీలి, మూలలు తిన్నగా తేలి, తాపీ పనివాళ్లు వరుసలు పేర్చినట్టే ఉంటుంది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాతి పొరను ‘గండికోట క్వార్ట్‌జైట్’ (క్వార్ట్‌జైట్ అంటే గట్టిపడిన ఇసుకరాయి) అనే పేరుతోనే పిలుస్తారు. ఇక నీటి సంగతి. కోటకు ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం ఉన్నాయి. ఎగువ జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. గాలేరు–నగరి పథకం కింద శ్రీశైలం నుంచి వచ్చే కృష్ణా నీళ్లు అందులో నిలుస్తాయి. లోయ అడుగున మీకు కనిపించే నీళ్లు ఎగువ నుంచి ఎంత వదిలారు, మైలవరంలో ఎంత నిల్వ ఉంది అన్నదాన్ని బట్టి ఉంటాయి. ఆకాశంలో మబ్బులు ఉన్నాయి కదా అని బయలుదేరకండి. జమ్మలమడుగులో ఎవరినైనా ఫోనులో అడిగి ‘లోయలో నీళ్లున్నాయా’ అని తెలుసుకోండి.

చూడాల్సిన వేళ సూర్యోదయం. సాయంత్రం జనం ఎక్కువ, వెలుగు కూడా అంత బాగుండదు. తెల్లవారుజామున చీకటి ఉండగానే జుమ్మా మసీదు దాటి అంచుకు చేరుకుంటే, ముందు ఎదుటి గోడ పైవరుస ఒక్కటే ఎరుపెక్కుతుంది. తర్వాత ఆ ఎరుపు ఒక్కో వరుసా కిందికి దిగుతుంది. నీళ్ల దాకా వెలుగు చేరేసరికి చాలాసేపు పడుతుంది. ఆ సేపంతా కూర్చోవాలి. రాత్రి అక్కడే బస చేస్తే తప్ప ఈ దృశ్యం దక్కదు. ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి: అంచున కంచె లేదు. రాత్రి మంచు కురిసినా, చినుకు పడినా ఆ బండలు జారతాయి. పిల్లల చేయి వదలకండి. ఫొటో కోసం చివరి బండ మీదికి ఎక్కే పిల్లలను చూస్తే నా గుండె ఆగినంత పని అవుతుంది.

కోట లోపల మాధవరాయస్వామి గుడి గోపురం, రంగనాథస్వామి గుడి, మసీదు, ఎత్తైన కప్పు ఉన్న ధాన్యాగారం నడిచే చూడవచ్చు. పెమ్మసాని నాయకుల చేతుల్లో ఉన్న ఈ కోటను గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ 1652లో ఇక్కడికే వచ్చి ఆయనను కలిశాడు. లోపల తాగునీరు దొరుకుతుందని నమ్ముకోకండి, వెంట తీసుకెళ్లండి. కోతులు ఉంటాయి కాబట్టి చేతిలో తినుబండారాలు పట్టుకుని తిరగకండి.

బస విషయంలో రెండు దారులు. కోట దగ్గర పర్యాటక సంస్థ హరిత హోటల్ ఉంది, గుడారాలు వేసి అద్దెకిచ్చేవాళ్లూ ఉన్నారు. గుడారంలో పడుకోవాలంటే ముందే రెండు ప్రశ్నలు అడగండి: మరుగుదొడ్డి ఎంత దూరం, రాత్రి పాటలు ఎంతవరకు పెడతారు. ఒకచోట మేము అర్ధరాత్రి దాటినా పెద్ద శబ్దంతో పాటలు వింటూ పడుకోవలసి వచ్చింది. రాత్రి భోజనమూ చల్లారిపోయి వచ్చింది, పొద్దున లేచి చూస్తే అంచు పొడవునా ప్లాస్టిక్ గ్లాసులు. అంత అందమైన చోటును అలా చేయడానికి మనుషులకు చేతులెలా వస్తాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నిశ్శబ్దం కావాలంటే జమ్మలమడుగులో గది తీసుకుని తెల్లవారుజామున బండిలో రావడం మేలు. దూరం 15 కిలోమీటర్లే.

సూర్యోదయం చూశాక ఆకలి దంచేస్తుంది. అప్పుడు నేరుగా జమ్మలమడుగుకు దిగిపోండి. బస్టాండు చుట్టుపక్కల వీధుల్లో చిన్న చిన్న టిఫిన్ కొట్లు ఉంటాయి. బల్లలు నాలుగే, పలకల మీద ధరలు రాసి ఉంటాయి. అక్కడ అడగవలసింది ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బొరుగులను నీళ్లలో ముంచి, వెంటనే నీళ్లు పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసిన తిరగవాతలో కలుపుతారు. చివరికి పప్పుల పొడి చల్లి నిమ్మకాయ పిండుతారు. మంచి ఉగ్గానిలో బొరుగు మెత్తబడినా ముద్ద కాకూడదు, పొడి ప్రతి గింజకూ అంటుకుని ఉండాలి. ఎనిమిది గంటల తర్వాత వెళ్తే పొద్దున కలిపిన గంపలో అడుగున మిగిలినది పెడతారు. ఏడు గంటలకు వెళ్తే మీ కళ్ల ముందే కలుపుతారు. ఆ ఒక్క గంటలోనే రుచి ఎంతో మారిపోతుంది.

కారం దోసెకు మాత్రం మా ప్రొద్దుటూరు రావలసిందే, ఇది సొంత ఊరి మీద ప్రేమతో అంటున్న మాట కాదు. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఉల్లిపాయ కలిపి నూరిన ఎర్రకారాన్ని పెనం మీద ఉన్న దోసెకు అంచుల దాకా రాస్తారు. దాని మీద పప్పుల పొడి, తర్వాత వెన్న. వెన్న కరిగి కారంలో కలిసేటప్పుడు వచ్చే వాసన వీధి మొదట్లోనే తగులుతుంది. దోసె కాస్త మందంగా ఉండాలి. కాగితంలా పలచగా వేసేచోట కారమే నోటికి తగిలి కళ్లలో నీళ్లు వస్తాయి. పక్కన వేరుశనగ పచ్చడి నంజుకుని తింటేనే ఆ మంట అణుగుతుంది. పిల్లలకు కారం తగ్గించమని చెబితే ఏ కొట్టులోనూ విసుక్కోరు.

మధ్యాహ్న భోజనం సంగటి, నాటుకోడి పులుసు. దీనికి తొందర పనికిరాదు. నాటుకోడి ఉడకడానికే గంటకు పైగా పడుతుంది, కాబట్టి పొద్దున టిఫిన్ తిన్నచోటే కనుక్కుని, చేసిపెట్టే మెస్సుకు ముందే చెప్పుకోండి. అప్పటికప్పుడు వెళ్లి అడిగితే బ్రాయిలర్ కోడిని అదే పులుసులో వేసి తెస్తారు. ఎముక గట్టిదనం, ముక్క పీచు చూస్తే తేడా తెలిసిపోతుంది. ఒక మెస్సు వంటింట్లో సంగటి చేయడం నిలబడి చూశాను. బియ్యం మెత్తగా ఉడికాక రాగిపిండిని మధ్యలో కుప్పగా పోసి, కదపకుండా మూతపెట్టింది ఆ అక్క. కొంతసేపటికి మూత తీసి, గిన్నెను రెండు పాదాల మధ్య బిగించి, తెడ్డుతో అడుగు నుంచి పైకి తిప్పడం మొదలుపెట్టింది. ఎక్కడా పిండి ఉండ మిగలకుండా అయ్యేదాకా ఆపలేదు. తడి చేతులతో ముద్దలు చేసి, బొటనవేలితో మధ్యలో గుంట పెట్టి నెయ్యి పోసింది. ‘నమలకూడదన్నా, పులుసులో ముంచి మింగాలి’ అని బెంగళూరు నుంచి వచ్చిన మా బావమరిదికి చెప్పింది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఎండుకొబ్బరి, ధనియాలు నూరి వేసిన ఆ పులుసు చిక్కదనం సంగటితోనే తెలుస్తుంది, అన్నంలో సగం రుచి పోతుంది. మాంసం తిననివారికి అదే ముద్దతో ఊరిబిండి (వేరుశనగ గింజల పచ్చడి), పప్పు, గోంగూర పెడతారు. శాకాహారులు దాన్ని రెండో రకంగా తీసిపారేయనక్కర లేదు. రోట్లో నూరిన ఊరిబిండి దొరికితే నేనూ కోడిని మరిచిపోతాను.

తాగడానికి నన్నారి (సుగంధి వేరు) షర్బత్. ఏ ఊరి బజారులోనైనా గాజు సీసాలు పేర్చిన చిన్న బండి కనిపిస్తుంది. పాకం, నిమ్మరసం, సబ్జా గింజలు, పైన సోడా. రంగునీళ్లు అమ్మేవాళ్లూ ఉన్నారు, కాబట్టి ముందు వాసన చూడండి. వేరు మరిగించిన పాకానికి మట్టి తడిసిన పరిమళం ఉంటుంది, తీపి గొంతులో గుచ్చుకోదు. తాడిపత్రి వైపు వెళ్తుంటే దారిలో చీనీ (బత్తాయి) రసం కూడా తాగండి.

చుట్టుపక్కల చూడదగ్గవాటిలో నేను అన్నిటికంటే ముందు చెప్పేది తాడిపత్రి. అది అనంతపురం జిల్లా, అయినా అదే పెన్న. గండికోటను ఏలిన పెమ్మసాని నాయకులే అక్కడి రెండు గుళ్లూ కట్టించారు. కోటలో వాళ్ల బలం చూసి, తాడిపత్రిలో వాళ్ల అభిరుచి చూడకుండా ఇంటికి వెళ్లిపోతే సగమే చూసినట్టు. నది ఒడ్డునే ఉన్న బుగ్గ రామలింగేశ్వరాలయంలో ఉత్తర, దక్షిణ గోపురాలు పూర్తి కాలేదు. పైఅంతస్తులు లేవు. కానీ ఉన్నంత మేర రాతిలో వేలు పెట్టడానికి చోటు లేనంతగా చెక్కారు. ఒక స్తంభం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చూడండి: గోరంత పూసలు, ఆ పూసల కింద లత, లత మలుపులో చిన్న పక్షి, దాని ముక్కు కూడా విడిగా తెలుస్తుంది. గర్భగుడిలో ఊరే నీటి బుగ్గ వల్లనే స్వామికి ఆ పేరు. ఊరి మధ్యలో ఉన్న చింతల వెంకటరమణస్వామి గుడిలో రథం ఆకారపు గరుడ మండపం, గోడల మీద రామాయణం ఉన్నాయి. రెండూ మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి పొద్దునే వెళ్లాలి. గుడి దగ్గర మిఠాయి కొట్లలో వేడి ఓళిగలు (బొబ్బట్లు) దొరికితే నెయ్యి వేయించుకుని తినండి.

బేలం గుహలు ప్రసిద్ధమైనవే కాబట్టి కొద్దిగానే చెబుతాను. ఇప్పుడవి నంద్యాల జిల్లాలో ఉన్నాయి. మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనకు తెరిచినది దాదాపు కిలోమీటరున్నర. లోపల ఉక్క విపరీతం, ఉబ్బసం ఉన్నవాళ్లు గుహల అట్టడుగున ఉన్న పాతాళగంగ దాకా దిగకపోవడం మంచిది. గండికోట చూసిన రోజే దీన్ని కూడా కలపకండి. కాళ్లూ అలసిపోతాయి, మనసూ నిలవదు.

ఎవరూ ఆగని రెండు చోట్లు నాకు ఇష్టం. ఒకటి జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున ఉన్న దానవులపాడు. ఇసుకలో కూరుకుపోయిన రాష్ట్రకూటుల కాలపు జైన ఆలయం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తవ్వకాల్లో బయటపడింది. చెప్పేవాళ్లు ఉండరు, పెద్దగా సూచికలూ లేవు. రెండోది ముద్దనూరు దాటి ఎర్రగుంట్ల వైపు వెళ్లే దారిలోని కలమళ్ల. క్రీ.శ. 575 నాటిదని చెప్పే రేనాటి చోళరాజు ధనంజయుని శాసనం అక్కడిదే. మన భాషలో ఇప్పటివరకు దొరికిన మొదటి శాసనంగా దాన్నే చెబుతారు. తెలుగు చదివే ప్రతి ఒక్కరూ ఆ ఊళ్లో ఓ పది నిమిషాలు నిలబడాలని నా కోరిక. కడపకు తిరిగి వెళ్లేవారికి పుష్పగిరి కూడా దారిలోకి వస్తుంది. పెన్న ఒడ్డున చెన్నకేశవాలయం వెనక గోడల మీది శిల్పాలు సాయంత్రపు ఎండలో బాగా కనిపిస్తాయి.

సొంత బండి లేకపోతే నంద్యాల–ఎర్రగుంట్ల మార్గంలో జమ్మలమడుగుకు రైలు ఉంది, అక్కడి నుంచి ఆటో. తిరుగు ప్రయాణానికి కూడా ఆటో మాట్లాడుకుని, ఎంత సేపు ఆగాలో ముందే చెప్పండి. పొద్దుపోయాక కోట దగ్గర బండ్లు దొరకవు. మార్చి చివరి నుంచి జూన్ దాకా వెళ్లవద్దు. పది గంటలకే బండలు కాలుతాయి, పిల్లలకూ పెద్దలకూ వడదెబ్బ తగులుతుంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు, శని, ఆదివారాలు కాకుండా వారం మధ్యలో వెళ్లండి. రెండు రాత్రులు ఉండేలా పెట్టుకుని, మొదటి రోజు కోటకూ జమ్మలమడుగుకూ, రెండో రోజు తాడిపత్రికీ ఇచ్చి, బేలం మూడో రోజు ఇంటికి వెళ్లే దారిలో చూడండి.