లిఫ్ట్ వేశాక బండి బిరుసెక్కితే: స్పేసరా, స్ప్రింగులా, పూర్తి కిట్టా, ఏది మేలు?

మారుతి జిమ్నీకో మహీంద్రా థార్‌కో బండిని రెండు అంగుళాలు పైకి లేపే లిఫ్ట్ వేయించుకున్నవారు మొదటి వారం బండి ఎత్తు చూసి మురిసిపోతారు. రెండో వారం నుంచి వెనక సీట్లో కూర్చున్నవారి ఫిర్యాదులు మొదలవుతాయి. బిగించిన మెకానిక్‌ను అడిగితే ‘వెయ్యి కిలోమీటర్లు తిరగనివ్వండి సార్, అదే మెత్తబడుతుంది’ అంటాడు. అందులో నిజం పిసరంత. కొత్త స్ప్రింగు మొదట్లో కొన్ని మిల్లీమీటర్లు కుంగుతుంది, షాకుల (స్ప్రింగు ఊపును అణిచే షాక్ అబ్జార్బర్ల) సీళ్లు కాస్త సర్దుకుంటాయి. స్ప్రింగు బిరుసు మాత్రం వెయ్యి కిలోమీటర్లకు కాదు, లక్షకు కూడా చెప్పుకోదగినంత తగ్గదు.

ముందుగా ఆ గట్టితనం ఏ రకమో పట్టుకోవాలి. చిన్న కంకర మీద నెమ్మదిగా పోతున్నా స్టీరింగ్‌లో చురుకు చురుకుగా తగులుతుంటే టైర్ల గాలినో, షాకులనో, బుష్షులనో (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు) అనుమానించాలి. స్పీడ్ బ్రేకరు ఎక్కగానే సీటు పైకి తన్నుతుంటే బండి బరువుకు మించిన స్ప్రింగు పడిందన్నమాట, లేదా దాని తిరుగుదెబ్బను షాకు ఆపలేకపోతోంది. దిగేటప్పుడు ఠప్పుమని ఇనుప చప్పుడు వస్తే చక్రం కిందికి జారడానికి చోటు చాలడం లేదు. మూడింటికీ మందు వేర్వేరు. ఇది తేల్చుకోకుండా ఏ కిట్టు మంచిదని అడిగితే, ఎవరు అమ్ముతున్నది వారికి మంచిది.

అన్నిటికంటే చవకైనది స్పేసరు, అంటే నైలాన్‌తోనో అల్యూమినియంతోనో చేసిన దిమ్మ. పాత స్ప్రింగే ఉంటుంది కాబట్టి బిరుసు మారదని అమ్మేవారు చెప్పేది లెక్కప్రకారం నిజమే. అయితే దిమ్మ ఎక్కడ కూర్చుందన్నది వారు చెప్పరు. 2020లో వచ్చిన థార్‌కు ముందు వైపు డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రాన్ని పైనొకటి, కిందొకటి రెండు ఆర్ములు పట్టుకుంటాయి. స్ప్రింగూ షాకూ ఒకే కూర్పుగా ఉంటాయి. ఆ కూర్పు తలమీద, చాసిస్‌కు బిగించే చోట దిమ్మ పెడితే షాకు తన పాత స్థానంలోనే పనిచేస్తుంది, మెత్తదనం దాదాపు అలాగే మిగులుతుంది. దానికి చెల్లించే మూల్యం మరోచోట ఉంది: వేలాడినప్పుడు చక్రం మునుపటికంటే కిందికి పోతుంది కనుక చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు, దాన్ని విష్‌బోన్‌కు కలిపే బాల్ జాయింట్లు ఎక్కువ వాలుగా తిరగాలి, త్వరగా అరుగుతాయి. పైగా షాకు అడుగు విష్‌బోన్ మధ్యలో ఎక్కడో ఉంటుంది కాబట్టి తలమీద పెట్టిన మందానికి ఒకటిన్నర నుంచి రెండింతల ఎత్తు చక్రం దగ్గర వస్తుంది. రెండు అంగుళాల లిఫ్ట్ అడిగితే రెండు అంగుళాల దిమ్మ తీసే షాపులో బండి దింపకుండానే తిరిగి వచ్చేయవచ్చు.

అదే దిమ్మను కూర్పు లోపల, స్ప్రింగును నొక్కేలా పెడితే వ్యవహారం మారుతుంది. షాకు పొడవు పెరగలేదు, బండి మాత్రం లేచింది. కనుక బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడే షాకు చాలావరకు సాగిపోయి ఉంటుంది. చక్రం గుంతలోకి దిగబోతే షాకు చివరికి తగిలి ఆగిపోతుంది, ఆ దెబ్బ బాడీకి వస్తుంది. స్ప్రింగు మారకుండానే బండి మొరటుగా తయారైందని చాలామంది అనేది ఇందుకే. జిమ్నీలో ముందూ వెనకా గట్టి ఇరుసులు, నాలుగు చోట్లా స్ప్రింగు వేరు, షాకు వేరు. స్ప్రింగుకు దిమ్మ చేర్చి పాత షాకు వదిలేస్తే అక్కడా ఇదే తంటా. పొడవైన షాకు వేస్తే చాలావరకు తీరుతుంది, కానీ అప్పుడు స్పేసరు చవక అన్న మాటకు అర్థం ఉండదు.

అసలు తిరకాసు లిఫ్ట్ స్ప్రింగుల దగ్గర ఉంది. ఎత్తు కోసం స్ప్రింగు పొడవుగా ఉంటే చాలు, బిరుసుగా ఉండనక్కరలేదు. కానీ పేరున్న కిట్లలో చాలా వాటి పుట్టిల్లు ఆస్ట్రేలియా. ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్, డాబిన్సన్స్, టఫ్ డాగ్ అన్నీ అక్కడివే. అక్కడివారు ముందు ఉక్కు బుల్ బార్, విన్చి (ఇరుక్కున్న బండిని లాగే యంత్రం), వెనక రెండో బ్యాటరీ, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు, పైన గుడారం వేసుకుని వారాల తరబడి ఎర్రమట్టి బాటల్లో తిరుగుతారు. అందుకే ఒకే బండికి, ఒకే ఎత్తుకు, మోసే బరువును బట్టి రెండు మూడు రకాల స్ప్రింగులు తయారు చేస్తారు. ఇక్కడి షాపులో స్టాకు ఉన్నది ఏదో అదే మన బండికి ఎక్కుతుంది. వారమంతా ఒక్కరే ఆఫీసుకు వెళ్లి, సెలవు రోజున వికారాబాద్ అడవిబాట పట్టే బండి కింద ఎడారి ప్రయాణం స్ప్రింగు ఉంటుంది.

తేడా ఎంతో చెప్పడానికి చిన్న లెక్క. కాయిల్ స్ప్రింగు బిరుసు తీగ మందానికి నాలుగో ఘాతంగా పెరుగుతుంది. తక్కినవన్నీ సమానమైతే, 14 మిల్లీమీటర్ల తీగ బదులు 15 మిల్లీమీటర్ల తీగతో చుట్టిన స్ప్రింగు 32 శాతం ఎక్కువ బిరుసు. చేత్తో పట్టుకుని చూస్తే ఆ మిల్లీమీటరు తెలియదు, నడుముకు తెలుస్తుంది. ఆ స్ప్రింగు మళ్లీ పాతదానిలా ఊగాలంటే దాని మీది బరువు కూడా 32 శాతం పెరగాలి. జిమ్నీ ఖాళీ బరువు దాదాపు 1,200 కిలోలు. సుమారు సగం ముందు చక్రాల మీద అనుకుంటే 190 కిలోలు అదనంగా ఎక్కించాలి. ఉక్కు బంపరు, విన్చి రెండూ కలిపినా అందులో సగం ఉండటం కష్టం. ఏ బరువూ తగిలించని బండికి ‘మీడియం’, అంటే మధ్యరకం అదనపు బరువుకు చేసిన స్ప్రింగు అమ్మడం ఎంత అన్యాయమో దీన్నిబట్టి చూసుకోండి.

ఇలాంటి స్ప్రింగు వేసి పాత షాకులు ఉంచితే మొత్తం బేరంలో అదే అధ్వాన్నం. మెత్తటి స్ప్రింగును అదుపు చేయడానికి తయారైన షాకు బిరుసు స్ప్రింగు తన్నును ఆపలేదు. బండి గట్టిగానూ ఉంటుంది, ఎగురుతూనూ ఉంటుంది. రెండు దోషాలూ ఒకేసారి కొనుక్కోవడమన్నమాట. స్పేసరును నేను కొన్ని సందర్భాల్లో ఒప్పుకుంటాను గానీ, దీన్ని ఒప్పుకోను.

తేలికపాటి స్ప్రింగులూ, వాటికి జతగా వాల్వులు సర్దిన షాకులూ కలిసిన కిట్టే నా మొగ్గు. షాకుల్లో మోనోట్యూబ్ (ఒకే గొట్టం) రకం వేడెక్కినా త్వరగా చేతులెత్తేయదు, కానీ లోపలి నైట్రోజన్ పీడనం ఎక్కువ, చిన్న గతుకుల మీద కాస్త చిటపటలాడుతుంది. ట్విన్ ట్యూబ్ (గొట్టంలో గొట్టం) ఊరి రోడ్ల మీద మర్యాదగా ఉంటుంది. రోజువారీ వాడకానికి రెండోదే నయం. తిప్పే మీటతో సర్దుకునే షాకులు కూడా దొరుకుతున్నాయి, ఖరీదు ఎక్కువ. అవి షాకు స్వభావాన్ని మారుస్తాయి, స్ప్రింగును మార్చలేవు. తప్పు స్ప్రింగు మీద వాటిని వదులు చేస్తే పడవలా ఊగుతుంది, బిగిస్తే మళ్లీ మొదటికి.

2020కి ముందరి థార్ సీఆర్‌డీఈ (డీజిల్ మోడల్) ఉన్నవారికి వెనక కమాను కట్టలు, ముందు టార్షన్ బార్లు, అంటే మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు. కట్టలో అదనపు పట్టీ దూరిస్తే బిరుసు ఖాయం. కట్ట చివరను చాసిస్‌కు కలిపే షాకిల్‌ను పొడవైనది వేస్తే బిరుసు మారదు, ఎత్తు మాత్రం పెంచిన పొడవులో సగమే వస్తుంది. టార్షన్ బారు బోల్టు తిప్పి లేపడం ఉచితం కాబట్టి అందరూ తిప్పుతారు. పైన చెప్పిన లోపలి దిమ్మ ఫలితమే అక్కడా.

కిట్టును తిట్టే ముందు రెండు పనులు చేసి చూడాలి. ఒకటి బుష్షులు. బండిని జాకీల మీద లేపి, చక్రాలు వేలాడుతుండగానే, వాటిని పట్టి ఉంచే ఆర్ముల బోల్టులు పూర్తిగా బిగించేసే అలవాటు చాలా షాపుల్లో ఉంది. బండి నేలమీద దిగగానే లోపలి రబ్బరు మెలిపడి, అదే ఒక అదనపు స్ప్రింగులా పనిచేస్తుంది, కొన్నాళ్లకు చిరుగుతుంది. బోల్టులు వదులు చేసి, బండి బరువు చక్రాల మీద ఉండగా మళ్లీ బిగిస్తే సరి. కిట్టు మార్చాలనుకున్నవారు కొందరు ఈ ఒక్క పనితో ఆగిపోతారు. రెండోది గాలి. లిఫ్ట్‌తో పాటు లావు గోడల ఆల్ టెర్రైన్ టైర్లు వేసి, పంపులో కుర్రవాడు కొట్టినంత గాలితో తిరుగుతూ సస్పెన్షన్‌ను నిందిస్తారు. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు చూసి అక్కడి నుంచి మొదలుపెట్టండి. టైరు సైజు మారి ఉంటే టైరు కంపెనీ పట్టికతో సరిచూసుకోండి.

లిఫ్ట్ వద్దనుకోవడం కూడా ఒక దారే. జిమ్నీ గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లు. గట్టి ఇరుసుల బండిలో అన్నిటికంటే కిందకు ఉండేది ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకు పంచే డిఫరెన్షియల్ గుండు. అది ఇరుసుతోనే ఉంటుంది. యాభై మిల్లీమీటర్ల లిఫ్ట్ వేసినా రాయికి తగిలే ఆ గుండు పిసరు కూడా లేవదు, టైరు పెద్దదైతేనే లేస్తుంది. లిఫ్ట్ పెంచేది బాడీ ఎత్తును, గట్టు దాటేటప్పుడు పొట్ట తగలకుండా ఉండే కోణాన్ని. మన దగ్గర అమ్మిన అయిదు తలుపుల జిమ్నీకి వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 2,590 మిల్లీమీటర్లు కాబట్టి ఆ కోణం 24 డిగ్రీలే, అక్కడ లిఫ్ట్ నిజంగా ఉపయోగపడుతుంది. గట్ల జోలికి పోనివారు ఆ డబ్బుతో మంచి టైర్లు కొనుక్కోవచ్చు.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని మరింత గట్టిగా చెప్పింది. వారంటీ, బీమా క్లెయిములకూ ఇది అడ్డు రావచ్చు, డబ్బు కట్టేముందే కనుక్కోండి.

స్ప్రింగు ఎంచుకునే ముందు హైవే పక్కన లారీలు తూచే వే బ్రిడ్జికి వెళ్లండి. బంపరు, క్యారియరు, స్టెప్నీ, మీరు నిత్యం మోసే సామాను అన్నీ ఉంచి, ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, వెనకవి మాత్రమే ఎక్కించి మరోసారి తూయించండి. ఆ రెండు అంకెల చీటీ తీసుకెళ్లి, ఈ స్ప్రింగు ఎన్ని కిలోల అదనపు బరువుకు తయారైందని షాపువారిని అడగండి. సమాధానంగా పెట్టె మీది పార్ట్ నంబరు చూపించి కంపెనీ పట్టిక తెరిచేవారి దగ్గర బిగించుకోండి.